ఫోకల్ లెంగ్త్ ఎంచుకోవడం ఎలా? ముందు దూరం, తర్వాతే లెన్స్

1. మీ కెమెరా సెన్సర్ (బొమ్మ పడే చిప్) ఏదో చూసుకోండి. ఫోకల్ లెంగ్త్ అంటే లెన్స్ మీద మి.మీ.లో రాసే అంకె, అది పెరిగేకొద్దీ తక్కువ దృశ్యం పెద్దగా పడుతుంది. ఇక్కడి అంకెలన్నీ ఫుల్ ఫ్రేమ్‌వి, అంటే 36×24 మి.మీ. సెన్సర్‌వి. అంతకంటే చిన్నదైన క్రాప్ సెన్సర్ అయితే 1.5తో (కానన్‌లో 1.6తో), ఇంకా చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 2తో భాగించండి. ఇక్కడ 50 మి.మీ. అంటే క్రాప్‌లో దాదాపు 35 అన్నమాట.

2. లెన్స్ బిగించకముందే ఎక్కడ నిలబడాలో తేల్చుకోండి. నూటికి తొంభై ఫొటోలు పాడయ్యేది ఇక్కడే. ఉన్నచోటే నిలబడి జూమ్ తిప్పడం, ఫ్రేమ్ నిండగానే నొక్కేయడం! ముఖం తీరు మారేది లెన్స్ వల్ల కాదు, దూరం వల్ల. లెన్స్ చేసేది కత్తిరింపు మాత్రమే.

తల, భుజాలు నిలువు ఫ్రేమ్‌లో నిండాలంటే 24 మి.మీ.తో 40 సెం.మీ. దగ్గరికి వెళ్లాలి. ముక్కు కొన కంటే చెవి ఓ 12 సెం.మీ. వెనక ఉంటుంది. అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కుతో పోల్చినప్పుడు చెవులు దాదాపు నాలుగో వంతు చిన్నవైపోతాయి. అదే 85 మి.మీ. పెట్టి 1.4 మీటర్ల నుంచి తీస్తే తేడా ఎనిమిది శాతం లోపే. కాబట్టి ముఖానికి 85. 135 దాటితే ఇంకా వెనక్కి వెళ్లాలి, ముఖం చదునుగా వస్తుంది, జోలికి పోవద్దు.

అడ్డ ఫ్రేమ్‌కి దూరం లెక్క సులువే: ఫోకల్ లెంగ్త్‌ను దృశ్యం వెడల్పుతో గుణించి 36తో భాగించాలి. క్రాప్ సెన్సర్‌లో లెన్స్ మీద రాసిన అంకె తీసుకుని 24తో భాగిస్తే చాలు. ఒకే వరుసలో పదిమంది నిలబడితే 5 మీటర్లు అనుకోండి. 35 మి.మీ.కి 4.9 మీటర్లు వెనక్కి వెళ్లాలి. గది చాలలేదని 24కి తిప్పుతారు. 3.3 మీటర్ల నుంచి అందరూ పడతారు, కానీ అంచున ఉన్నవాళ్ల తలలు పాతిక శాతం దాకా అడ్డంగా సాగుతాయి. 35తో అది సగమే. ఇది లెన్స్ లోపం కాదు, ఎంత ఖరీదైనది కొన్నా ఇంతే. సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఉండే డిస్టార్షన్ కరెక్షన్ కూడా దీన్ని సరిచేయదు. మార్గం ఒక్కటే: రెండు వరుసలు చేయండి, వెడల్పు 3 మీటర్లకు తగ్గుతుంది, 35తో 3 మీటర్ల నుంచే పని అయిపోతుంది. రెండు వరుసలూ స్పష్టంగా రావడానికి ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు) పెట్టండి, పక్కల కాస్త ఖాళీ వదలండి.

18-200 లాంటి ఆల్-ఇన్-వన్ జూమ్ కొన్నవాళ్లకు కాళ్లు కదపడం అలవాటు కాదు. నేర్చుకునేవాళ్లకు 35, 85 చాలు.

3. మిగతావి తేలిక. వీధులకు 35. స్టేజీకి 70-200. పిట్టలకు 400 పైన, 600 అయితే మేలు. ప్రకృతి దృశ్యాలకు 16-24, కానీ ముందు భాగంలో రాయో నీళ్లో ఏదో ఒకటి ఉంటేనే. దూరపు కొండలే ముఖ్యమైతే 100 దాటాలి, లేదంటే చీమల్లా మిగులుతాయి. చందమామ సెన్సర్ మీద ఎంత పడుతుందో తెలియాలంటే ఫోకల్ లెంగ్త్‌ను 110తో భాగించండి. 24 మి.మీ. ఎత్తున్న సెన్సర్ మీద 200తో 2 మి.మీ. కూడా రాదు, 600తో అయిదున్నర.

4. చివరగా షట్టర్. చేత్తో పట్టుకుంటే 200 మి.మీ.కి కనీసం 1/200, క్రాప్ సెన్సర్‌లో లెన్స్ మీద అదే 200 ఉంటే 1/320 సెకను. లెన్స్‌లోనో కెమెరాలోనో ఉండే స్టెబిలైజేషన్ మీ చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటివాళ్ల కదలికను కాదు. నాట్యానికి 1/500 కంటే తగ్గించకండి, చీకటైతే ఐఎస్ఓ (సెన్సర్ వెలుగు సెట్టింగ్) పెంచండి.