కబడ్డీలో రైడర్ ఏమార్పును ముందే ఎలా పసిగట్టాలి?

కూతకు వచ్చిన రైడర్ కుడివైపుకు భుజం విసురుతాడు, అటువైపు చివరన నిలబడే కార్నర్ ఆటగాడు పట్టు కోసం ముందుకు దూకుతాడు, ఈలోగా రైడర్ ఎడమకు తిరిగి, మధ్యకు దగ్గరగా నిలబడే కవర్ ఆటగాడిని తాకి మధ్య గీత దాటిపోతాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో సంక్రాంతికి జరిగే పోటీల్లో మంచి పట్టు ఉన్న జట్లు కూడా ఇలాగే పాయింట్లు పోగొట్టుకోవడం చాలాసార్లు చూశాను. పట్టు గురించి పిల్లలకు ఎంతో నేర్పుతాం కానీ, ఎటు చూడాలో నేర్పడం తక్కువ.

కంటికి కనిపించినదానికి శరీరం స్పందించడానికి సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు పడుతుంది. మొదటి కదలికకు స్పందించడం మొదలుపెట్టిన వెంటనే రెండో కదలిక కనిపిస్తే, ఆ రెండోదానికి మెదడు మరింత ఆలస్యంగా స్పందిస్తుంది. రైడర్ వాడుకునేది ఈ రెండో ఆలస్యాన్నే. అందుకే మొదటి కదలిక అబద్ధమో నిజమో తేల్చుకోవడం డిఫెండర్‌కు అంత ముఖ్యం.

మొదట, కూత మొదలయ్యేలోపే లెక్క వేసుకోవాలి. వచ్చే రైడర్ ఏ చేతితో ఎక్కువగా తాకుతాడు, బ్యాక్ కిక్ ఏ కాలితో వేస్తాడు, స్కోరు ఎంత అన్నవి గుర్తుంచుకోవాలి. మన కోర్టులో ఆరుగురు లేదా ఏడుగురు ఉంటే, దాటితే అదనపు పాయింటు ఇచ్చే బోనస్ లైన్ మీదికి అతడు వచ్చే అవకాశం ఎక్కువ. ఐదుగురే ఉంటే బోనస్ లేదు కాబట్టి అటు వేసే అడుగు చాలావరకు మనల్ని ముందుకు లాగడానికే. ప్రొ కబడ్డీ పద్ధతిలో ఆడేటప్పుడు, వరుసగా రెండు రైడ్‌లు ఖాళీగా పోతే మూడో రైడ్‌లో పాయింటు తేవడం తప్పనిసరి కనుక, ఆ రైడర్ ఎంత నింపాదిగా తిరుగుతున్నా చివరి సెకన్లలో తప్పకుండా మీదికి వస్తాడు.

తరువాత చూపు. రైడర్ కళ్లనూ చేతులనూ నమ్మకూడదు, ఎందుకంటే వాటిని అతడు ఎటు కావాలంటే అటు ఊరికే తిప్పగలడు. తల, భుజాలు కూడా అంతే. నడుమును మాత్రం అలా తిప్పలేడు. శరీరం బరువుకు కేంద్రం అక్కడే ఉంటుంది, అది కదిలితే మనిషి కదిలినట్లే. అందుకే నిక్కరు నాడా ముడి వేసే చోట చూపు నిలపాలి. 2012లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, రగ్బీలో ఆరితేరిన ఆటగాళ్లు ప్రత్యర్థి భుజాల విసురుకు పడిపోకుండా, అతని శరీర భారం ఎటు పోతోందో పసిగట్టగలుగుతున్నారనీ, కొత్తవారికంటే ఎక్కువసేపు ఆగి కదులుతున్నారనీ తేలింది.

నడుముతో పాటు అడుగును కలిపి చూడడం ఇక్కడ అసలు విద్య. రైడర్ కుడికాలు దూరంగా పడినప్పుడు నడుము కూడా ఆ పాదం మీదికి వచ్చేస్తే అతడు నిజంగానే కుడికి పోతున్నాడు. పాదం దూరంగా పడి, మోకాలు వంగి, నడుము మాత్రం వెనకే ఉండిపోతే, ఆ కాలితో నేలను తన్ని ఎడమకు తిరుగుతాడు. మన ఎర్రమట్టి కోర్టుల మీద ఇది మరింత స్పష్టంగా తెలుస్తుంది: నేలను తన్నే పాదం అంచు మట్టిలోకి దిగుతుంది, పక్కన చిన్న గట్టులాగా మట్టి లేస్తుంది. నేను కార్నర్‌లో ఆడే రోజుల్లో, దేవరకొండ వైపు ఒక ఊరి పోటీలో రైడర్ చేయి చాపగానే అతని మడమ మీదికి పడ్డాను. నా చేతికి మట్టే దొరికింది. లేచి చూస్తే అతని పాదం దిగిన గుంట నా ముఖం పక్కనే ఉంది. అది చూసే దూకి ఉంటే ఆ పాయింటు పోయేది కాదు.

చూడడానికి సమయం దొరకాలంటే మన నిలబడే తీరు అందుకు సహకరించాలి. మోకాళ్లు కాస్త వంచి, బరువు రెండు పాదాల ముందు భాగాల మీద సమానంగా ఉంచాలి. ఏమార్పుకు అరడుగు జరిగితే నష్టం లేదు, రెండు పాదాలూ నేల విడిస్తేనే చిక్కు. చేయి పట్టుకుని చైన్‌లో ఉన్నప్పుడు ఒకరు తొందరపడితే పక్కవాడినీ లాగేస్తారు కనుక, ముందుకు వెళ్లాలన్న పిలుపు ఎవరిదో ముందే అనుకోవాలి.

అభ్యాసానికి ఫోన్ చాలు. తోటి ఆటగాడి రైడ్‌లను ఛాతీ ఎత్తులో ఎదురుగా చిత్రీకరించి, అతని పాదం నేలకు ఆనే క్షణంలో వీడియో ఆపి, ఎటు పోతాడో బయటికి చెప్పి, ఆ తరువాతే నడిపించి చూసుకోవాలి. మైదానంలో మొదటి వారం పట్టు వేయకుండా అతడు తిరిగే వైపు వేలు చూపించడం మాత్రమే చేయాలి. తప్పులు తగ్గాక అరడుగు, ఆ తరువాత పట్టు. విసుగు పుట్టినా ఈ వరుస మార్చవద్దని నా సలహా, ఎందుకంటే పట్టు మొదలుపెట్టగానే చూపు మళ్లీ చేతుల మీదికి పోతుంది.

జిల్లా స్థాయి పోటీలకు వెళ్లి మ్యాట్ మీద ఆడవలసి వచ్చినప్పుడు మట్టి ఇచ్చే గుర్తు ఉండదు. అక్కడ బూటు మ్యాట్‌ను గట్టిగా ఒరిసే చప్పుడును వినడం అలవాటు చేసుకోవాలి. పోటీకి కొన్ని రోజుల ముందే మ్యాట్ దొరికితే, పక్కకు తిరిగి కళ్లు మూసుకుని ఆ చప్పుడును బట్టి అడుగు బరువును గుర్తించే సాధన కొద్దిసేపు చేయవచ్చు.