రాస్టర్ల వరసలోంచి పాయింట్ విలువలు: ఏం తేడా కొడితే ఎక్కడ వెతకాలి

చెప్పడానికి చిన్న పనే. పదేళ్ళ మోడిస్ (నాసా ఉపగ్రహ సెన్సర్) ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) మ్యాపులున్నాయి, ఏడాదికి 23 చొప్పున. ఇలా గడికొక విలువ ఉండే మ్యాపునే రాస్టర్ అంటారు, ఒక్కో గడి ఒక పిక్సెల్. గుంటూరు చుట్టుపక్కల నలభై మిర్చి చేల అక్షాంశ రేఖాంశాలున్నాయి. ఏ చేనుకి ఏ తేదీన ఎంత విలువో టేబుల్ కావాలి. గ్రాస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఒక కమాండ్, పైథాన్‌లో పది లైన్లు. అవి రన్ అయ్యాకే అసలు గొడవ. ఎర్రర్ వస్తే బతికిపోయినట్టే, ఖాళీలొచ్చినా ఫరవాలేదు. నమ్మబుద్ధేసే తప్పు అంకెలొస్తేనే కొంప మునిగేది. అందుకే తేలిగ్గా దొరికే తప్పులు గబగబా చెప్పేసి, దొరకనివాటి దగ్గర ఆగుతాను.

అన్నీ ఖాళీలు, లేదా అన్నీ సున్నాలు

పదిసార్లలో ఆరుసార్లు అక్షాంశం, రేఖాంశం తారుమారై ఉంటాయి. గూగుల్ మ్యాప్స్‌లో కాపీ చేస్తే 16.30, 80.44 అని అక్షాంశం ముందొస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎక్స్ ముందు అడుగుతుంది, అంటే రేఖాంశం. అలాగే అతికించేస్తే గుంటూరు చేను స్వాల్‌బార్డ్ దీవులకి ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది.

తమాషా ఏంటంటే, ఈ ఒక్క తప్పుకే ఒక్కో పనిముట్టు ఒక్కో వేషం వేస్తుంది. గ్రాస్ నక్షత్రం గుర్తు (*) పెట్టి ఖాళీ అంటుంది. పైథాన్‌లో రాస్టీరియో లైబ్రరీ శాంపిల్ ఫంక్షన్, ఫైల్లో నోడేటా విలువ (డేటా లేదని చెప్పే గుర్తు) రాసి లేకపోతే, రాస్టర్ బయట పడ్డ పాయింటుకి సున్నా ఇచ్చేస్తుంది. వాన డేటాలో సున్నా అంటే ఎవరికీ అనుమానం రాదు. జూలై నెలంతా బెజవాడలో చుక్క పడలేదంటే మాత్రం రావాలి. ఎక్స్‌అరే (xarray) లైబ్రరీలో 'నియరెస్ట్' పెడితే ఇంకా ఘోరం: ఎంత దూరంలో ఉన్నా అంచున దొరికిన పిక్సెల్ పట్టుకొచ్చి ఇస్తుంది. ఆంధ్రా వరకు కత్తిరించిన డేటా అయితే అది వాయవ్య మూల పిక్సెల్. ఖాళీ లేదు, సున్నా లేదు, చక్కటి అంకెలు. కాబట్టి 'నియరెస్ట్' వాడితే టాలరెన్స్, అంటే ఎంత దూరం దాకా వెతకాలో ఆ హద్దు, తప్పకుండా ఇవ్వండి. ఒక పిక్సెల్‌లో సగం చాలు.

తారుమారు కాకపోతే ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే లెక్క) చూడండి. మన ప్రాంతం యూటీఎం అనే ప్రొజెక్షన్‌లో 44 నార్త్ జోన్, ఈపీఎస్‌జీ కోడ్ 32644. అందులో లెక్క మీటర్లలో, గుంటూరు సుమారు 4,40,000 తూర్పు, 18,02,000 ఉత్తరం. రాస్టర్ ఆ లెక్కలో ఉండి మీరు 80.44 ఇస్తే దొరకదు. మోడిస్ అసలు ఫైళ్ళయితే సైనుసాయిడల్ ప్రొజెక్షన్‌లో వస్తాయి, అది ఇంకో లెక్క. 'క్యూజీఐఎస్‌లో పాయింట్లు చేల మీదే కనిపించాయండీ' అంటారు. ఆ మ్యాపుల సాఫ్ట్‌వేర్ స్క్రీన్ మీద తనంతట తాను సర్ది చూపిస్తుంది. రాస్టీరియో ఆ సర్దుబాటు చెయ్యదు. పాయింట్లని రాస్టర్ ప్రొజెక్షన్‌లోకి మీరే మార్చి ఇవ్వాలి.

గ్రాస్ వాళ్ళకి అదనంగా ఒక చిక్కుంది: రీజియన్. అక్కడ రాస్టర్ కమాండ్లు ప్రస్తుతం సెట్ చేసిన రీజియన్ లోపలే చూస్తాయి. నిన్న కృష్ణా జిల్లా పని చేసి వదిలేస్తే ఇవాళ గుంటూరు పాయింట్లన్నీ ఖాళీ. రీజియన్ రిజల్యూషన్ ముతకగా ఉంటే ఖాళీ రాదు, పక్క పిక్సెల్ విలువ రావచ్చు. శాంపిల్ చేసేముందు జి.రీజియన్ కమాండుతో ఆ రాస్టర్‌కే సరిపెట్టండి.

విలువలొచ్చాయి, చోటు మాత్రం అది కాదు

ఫీల్డుకి వెళ్ళిన కుర్రాడు నోట్‌బుక్‌లో 16 డిగ్రీల 18 నిమిషాలు, 80 డిగ్రీల 26 నిమిషాలు అని రాసుకొచ్చాడు. ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు అవి 16.18, 80.26 అయిపోయాయి. నిజానికి 18 నిమిషాలంటే 0.30, 26 నిమిషాలంటే 0.433. ఆ చిన్న చుక్కతో పాయింటు నైరుతికి సుమారు 23 కిలోమీటర్లు, చిలకలూరిపేట వైపు జరిగిపోయింది. అక్కడా చేలే కాబట్టి ఎన్‌డీవీఐ ముచ్చటగానే ఉంటుంది. దీన్ని పట్టే ఆనవాలు ఒకటుంది: చుక్క తర్వాత రెండంకెలు ఒక్క పాయింటులోనూ 59 దాటకపోతే అవి నిమిషాలే.

నేనైతే ప్రతి పాయింట్ల ఫైల్లో ఒక దొంగ పాయింటు పెడతాను, ప్రకాశం బ్యారేజీ ఎగువన నడి కృష్ణలో. నీళ్ళ మీద ఎన్‌డీవీఐ సున్నాకి దగ్గర్లోనో, ఇంకా కిందో ఉండాలి. అక్కడ ఏడాది పొడుగునా 0.6 కనిపిస్తే మిగతా టేబుల్ చూడక్కర్లేదు. గుర్రపుడెక్క పేరుకుంటే ఒక్కోసారి పచ్చగా చూపిస్తుందనుకోండి, అది వేరే సంగతి.

ఎన్‌డీవీఐ 6543, ఉష్ణోగ్రత 15600

ఇది భయపడాల్సింది కాదు. ఫైల్లో పూర్ణాంకాలుగా దాచి, స్కేల్ విడిగా చెబుతారు. మోడిస్ 16 రోజుల ఎన్‌డీవీఐకి 0.0001తో గుణిస్తే 6543 కాస్తా 0.6543. నేల ఉష్ణోగ్రతకి 0.02తో గుణిస్తే 15600 అంటే 312 కెల్విన్, 273.15 తీసేస్తే 38.85 డిగ్రీల సెల్సియస్. సగటు తీసేముందు ఎన్‌డీవీఐలో మైనస్ 3000లు, ఉష్ణోగ్రతలో సున్నాలు తీసెయ్యండి. అవి కొలతలు కావు, 'ఇక్కడేమీ లేదు' అన్న గుర్తులు.

వేరువేరు ఊళ్ళు, ఒకే విలువ

గుంటూరుకీ పెదకాకానికీ పదేళ్ళపాటు ప్రతిరోజూ ఒకే వాన పడిందంటే నమ్మేదెవరు? భారత వాతావరణ విభాగం గ్రిడ్ వాన డేటాలో గడి 0.25 డిగ్రీలు, అంటే సుమారు 27 కిలోమీటర్లు. రెండూ ఒకే గడిలో ఉన్నాయి. తప్పేం లేదు, డేటా ముతక అంతే. చిర్ప్స్ అనే ఇంకో వాన డేటాలో గడి 0.05 డిగ్రీలు కాబట్టి కాస్త విడివడుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం. ఇలాంటి గ్రిడ్ డేటా వచ్చే నెట్‌సీడీఎఫ్ ఫైళ్ళలో సాధారణంగా గడి మధ్య బిందువు రాసి ఉంటుంది. దాన్ని మూలగా తీసుకుని రాస్టర్ చేస్తే మొత్తం బొమ్మ సగం గడి జరుగుతుంది. 0.25 డిగ్రీల గడికి అది దాదాపు 14 కిలోమీటర్లు.

ఎన్‌డీవీఐ విషయంలో ఇదే సమస్య తిరగబడి వస్తుంది. మోడిస్‌కి పేరుకే 250 మీటర్లు, నిజానికి సుమారు 231.7. అంటే ఒక పిక్సెల్ 13 ఎకరాల పైచిలుకు. రెండెకరాల రైతు చేను మధ్యలో పాయింటు పెట్టినా వచ్చేది చుట్టూ ఉన్న పత్తీ, గట్టూ, డొంకా అన్నీ కలిసిన విలువ. 'మా మిర్చి గ్రాఫు మిర్చిలా లేదేంటి సార్' అంటే కారణం ఇది. దీనికి కోడ్‌లో మందు లేదు. 10 మీటర్ల పిక్సెల్ ఉన్న యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2కి మారాలి.

పంట ఏటా వెనక్కి జరుగుతోంది

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. 2014 నుంచి 2023 వరకు ఎన్‌డీవీఐ తీసి, ఏటా పచ్చదనం గరిష్ఠానికి చేరే తేదీ గీస్తే, ఏడాదికి మూడేసి రోజుల చొప్పున వెనక్కి, అంటే ఆలస్యంగా, జరుగుతూ వచ్చింది. సాగర్ కాలవ నీళ్ళు ఆలస్యం, అందుకే నాట్లు ఆలస్యం అని కారణం కూడా చెప్పేసుకున్నాం. రిపోర్టులో ఒక పేరా రాసేశాను. చూపించిన ప్రతివాళ్ళూ 'అవునవును' అన్నారు.

పట్టిచ్చింది గీత తిన్నదనమే. రైతులు అంత క్రమశిక్షణగా ఆలస్యం చెయ్యరు. మ్యాపుల జాబితా తెరిచి చివరి వరస చూశాను. ఫైల్ పేరులో 2023353 ఉంది, అంటే 2023లో 353వ రోజు, డిసెంబరు 19. దాని పక్కన పడ్డ తేదీ 2024 జనవరి 13!

జరిగింది ఇదీ. గ్రాస్‌లో మ్యాపులకి తేదీలు తగిలించే టి.రెజిస్టర్ కమాండుకి మొదటి తేదీ ఇచ్చి, 16 రోజుల చొప్పున పెంచుకుంటూ పొమ్మన్నాను. కానీ ఏడాదికి 23 మ్యాపులు, 23 పదహార్లు 368. ఉన్నవి 365. మోడిస్ ప్రతి జనవరి 1న లెక్క మళ్ళీ మొదలుపెడుతుంది, నా కమాండు మొదలుపెట్టదు. మామూలు ఏడాదికి మూడు రోజులు, లీపు ఏడాదికి రెండు రోజులు ఎగబాకి, పదో ఏడాదికి వచ్చేసరికి 25 రోజులు. సాగర్ నీళ్ళకీ దానికీ ఏ సంబంధం లేదు. ఆ పేరా కొట్టేశాను.

అందుకని పెంపు ఎప్పుడూ వాడకండి. ఫైల్ పేరులోని సంవత్సరం, రోజు సంఖ్య నుంచి తేదీ లెక్కగట్టి, వరసకొక మ్యాపు పేరు, తేదీ ఉన్న టెక్స్ట్ ఫైల్ ఇవ్వండి. లెక్క చేత్తో కట్టొద్దు: 65వ రోజు 2020లో మార్చి 5, 2021లో మార్చి 6. పైగా పెంపు పద్ధతిలో డౌన్‌లోడ్ కాని ఫైల్ ఒక్కటున్నా ఆ తర్వాతవన్నీ అసలు తేదీకన్నా 16 రోజులు ముందుకి జరుగుతాయి. ఒకటి, పది, పదకొండు, రెండు అని పేర్లు అక్షరక్రమంలో పేర్చుకునే జబ్బు కూడా దీంతోనే వదులుతుంది.

ఆ 16 రోజుల్లో ఏ రోజు చూపు పిక్సెల్‌లోకి వచ్చిందో చెప్పే లేయర్ ఇంకొకటి అదే ఫైల్లో ఉంటుంది. నాట్లు, కోతల తేదీలు తేల్చేవాళ్ళు దాన్నీ శాంపిల్ చేసుకోవాలి.

వాన ఒకరోజు అటూ ఇటూ

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1న బెజవాడని ముంచిన వానని వాతావరణ విభాగం డేటాలోనూ, ఈఆర్ఏ5-ల్యాండ్ (యూరప్ వాతావరణ కేంద్రం గంటగంటకీ లెక్కగట్టే డేటా) లోనూ పోల్చి చూడండి, తేదీ కలవదు. వాతావరణ విభాగం లెక్కలో రోజంటే ఉదయం 8:30కి ముగిసే 24 గంటలు. 31న పగలంతా కురిసింది 1వ తేదీ కింద పడుతుంది. ఈఆర్ఏ5-ల్యాండ్ రోజు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) అర్ధరాత్రి మొదలవుతుంది, అంటే మనకి ఉదయం 5:30. రోజుల్ని జత చేసేముందు ఏది ఏ గంటకి ముగుస్తుందో కాగితం మీద రాసుకోండి.

ఈఆర్ఏ5-ల్యాండ్ గంటల వానలో ఇంకో గుంట ఉంది. ప్రతి గంటా ఆ గంటలో పడిన వాన కాదు, రోజు మొదలైనప్పటినుంచి పోగైనది. గంటకి 4 మిల్లీమీటర్లు సమానంగా కురిస్తే రోజుకి 96. ఇరవైనాలుగు గంటలూ కూడేస్తే 1200 వస్తుంది. ఒక రోజు మొత్తం కావాలంటే మర్నాటి 00 గంటల విలువ ఒక్కటే తీసుకోవాలి. అది మీటర్లలో ఉంటుంది, వెయ్యితో గుణించండి. సూర్యలంక బీచ్ లాంటి అంచు పాయింట్లకి ఖాళీలొస్తే, ఆ గడి సముద్రం కింద లెక్కయిందేమో చూడండి.

2022 జనవరి నుంచి పచ్చదనం పడిపోయింది

సెంటినెల్-2 వాడేవాళ్ళకి. 2022 జనవరి 25 నుంచి వచ్చే చిత్రాల్లో ప్రతి విలువకీ 1000 కలిపి ఇస్తున్నారు. ఎరుపు 400, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 3500 ఉన్న చేనుకి ఎన్‌డీవీఐ 0.79. కలిపిన వెయ్యి తియ్యకపోతే 1400, 4500 అయి 0.53కి దిగుతుంది. చేను ఎండిపోయిందనుకుంటారు. ఆ తేదీ తర్వాతవాటిలో వెయ్యి తీసేసి లెక్కగట్టండి. కొన్ని చోట్ల డౌన్‌లోడ్‌కి ముందే సర్ది ఇస్తారు. అప్పుడు మళ్ళీ తీస్తే ఇంకో తప్పు, అందుకని చిత్రంతో వచ్చే వివరాల ఫైల్లో (మెటాడేటా) ఆఫ్‌సెట్, అంటే ఆ కలిపిన వెయ్యి, ఉందో లేదో చూశాకే.

టేబుల్ సగంలో ఆగిపోయింది

గ్రాస్‌లో వి.వాట్.ఎస్‌టీఆర్‌డీఎస్ కమాండు పాయింట్ల టేబుల్‌కి మ్యాపుకొక కాలమ్ చేరుస్తుంది. ఆ టేబుల్ దాచే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ పరిమితి మామూలుగా 2000 కాలమ్‌లు, షేప్‌ఫైల్ పక్కనుండే డీబీఎఫ్‌కి 255. రోజువారీ వాన ఆరేళ్ళది వేస్తే మొదటిదీ దాటుతుంది. పైగా షేప్‌ఫైల్ కాలమ్ పేర్లని పది అక్షరాలకి నరికేస్తుంది, తేదీలన్నీ పోయి ఒకే పేరుతో వరస నంబర్లు మిగులుతాయి. గ్రాస్‌లోనే టి.రాస్ట్.వాట్ కమాండు వాడి పాయింటు, తేదీ, విలువ అని నిలువుగా సీఎస్‌వీలోకి తీసుకుంటే ఈ బాధ ఉండదు. ఎక్సెల్‌లో మాత్రం 10,48,576 వరసలే పడతాయి. నలభై పాయింట్లకి ఇరవై ఏళ్ళ రోజువారీ వాన సుమారు 2,92,000 వరసలు, హాయిగా పడుతుంది. నూట యాభై పాయింట్లయితే పట్టదు.