బొమ్మలో దాన్ని వేసిన మనిషిని ఎలా చూడాలి?

గ్యాలరీలో చాలామంది ముందు బొమ్మ పక్కనున్న చీటీ చదువుతారు. ఆ తర్వాత బొమ్మలో కూడా చదివిందే కనిపిస్తుంది. మీరు చీటీని చివరికి వదిలేయండి. ఓ ఐదు నిమిషాలు బొమ్మనే చూడండి.

1. ముందు దూరంగా నిలబడండి. మీ చూపు మొదట ఎక్కడ ఆగింది? దేన్ని వెలుగులో పెట్టారు, దేన్ని చీకట్లో వదిలేశారు? వేసిన మనిషికి ఏది ముఖ్యమో అక్కడే తెలిసిపోతుంది.

2. ఇప్పుడు దగ్గరికి వెళ్లి, వేసిన చేతి తీరును చూడండి. నా దృష్టిలో అసలు సంగతంతా ఇక్కడే ఉంది. చెట్టునో ముఖాన్నో ఎవరైనా ఎంచుకోవచ్చు, కుంచె పట్టిన చేతి తీరు మాత్రం ఎవరిది వారిదే. డచ్ చిత్రకారుడు వాన్ గో చివరి ఏళ్ల చిత్రాలను కాస్త పక్కనుంచి చూడండి. రంగు గట్లు కట్టినట్టు పైకి లేచి ఉంటుంది, కుంచె ఎటు తిరిగిందో వేలితో చూపించవచ్చు (ముట్టుకోకుండానే!). కింది పొర ఆరేదాకా ఆగలేని ఉరవడి అది. మరో డచ్ చిత్రకారుడు వెర్మీర్ దగ్గరికొస్తే కుంచె జాడ దొరకడమే కష్టం. ఆయనవిగా గుర్తించినవి సుమారు 35 చిత్రాలే. వాటిలో చాలావాటిలో అదే గది మూల, ఎడమవైపు నుంచి పడే అదే వెలుగు. చూసినదాన్నే మళ్లీ మళ్లీ చూసినా విసుగు రాని మనిషి మీకు కనిపిస్తాడు.

3. దిద్దుళ్లు వెతకండి. ఏళ్లు గడిచేకొద్దీ నూనె రంగు పారదర్శకమై, కప్పేసిన గీతలు బయటపడతాయి. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో వెలాస్కెజ్ వేసిన స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ గుర్రాన్ని చూడండి. వెనక కాళ్ల దగ్గర ముందు వేసిన కాళ్ల జాడ ఇంకా ఉంది. రాజుగారి బొమ్మలోనైనా, నచ్చకపోతే మార్చేయడానికి ఆయన వెనకాడలేదు.

4. సంతకం ఎక్కడుందో చూడండి. మాల్టాలో ఉన్న 1608 నాటి, బాప్తిస్మమిచ్చే యోహాను తల నరికే చిత్రంలో కారవాజ్జో తన పేరును తెగిన మెడ నుంచి కారిన నెత్తుటిలోనే రాశాడు.

5. స్వీయచిత్రం ఉంటే వదలకండి. 1656లో రెంబ్రాంట్ దివాలా తీశాడు. 1658లో తనను తాను బంగారు రంగు దుస్తుల్లో, చేతికర్రతో, సింహాసనం మీద రాజులా వేసుకున్నాడు. అయితే ముఖం చూడండి. ఉబ్బిన ముక్కు, అలసిన కళ్లు, ముడతలు దేన్నీ దాచలేదు. ఉన్నదంతా పోయినా తలవంచని పట్టుదల, తన విషయంలోనూ అబద్ధమాడని నిజాయితీ ఒకే బొమ్మలో ఉన్నాయి. నన్ను ఇంతగా కదిలించిన స్వీయచిత్రం మరొకటి లేదు.

6. ఇప్పుడు చీటీ చదవండి, మీ ఊహను దాంతో సరిపోల్చుకోండి. ఇక్కడ ఓ జాగ్రత్త. 1890లో వాన్ గో వేసిన, కాకులు ఎగిరే గోధుమచేను చిత్రాన్ని చాలాకాలం ఆయన ఆఖరి బొమ్మ అనుకున్నారు, అందులో మరణాన్ని చదివారు. ఆఖరిది చెట్టు వేళ్ల చిత్రమని ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియం చెబుతోంది. నల్లరంగు కనిపించగానే దుఃఖమనీ, పసుపు కనిపించగానే సంతోషమనీ తేల్చేయకండి. ఒక్క బొమ్మతో ఆగకుండా, అదే గదిలో ఆ చిత్రకారుడివి మరో రెండు ఉంటే వాటి ముందూ నిలబడండి. వస్తువు మారినా మూడింటిలోనూ మారనిది ఏమిటో చూసి, అప్పుడు మొదటి బొమ్మ దగ్గరికి తిరిగి రండి.