ఇంటి దగ్గరే ఇంజిన్ లైటు – మూడో పాఠం: మిస్‌ఫైర్ కోడ్, కాయిల్ మార్చి చూసే పరీక్ష

పోయిన పాఠంలో స్టీరింగు కింద ఉన్న పదహారు పిన్నుల సాకెట్టుకు స్కానర్ తగిలించి కోడ్, అంటే బండి కంప్యూటర్ రాసిపెట్టుకున్న లోపం నంబరు, చదివాం. దానితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా కాగితం మీద రాసుకోమన్నాను. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది, కూలెంట్ వేడి ఎంత, బండి ఏ వేగంలో ఉంది అన్నవి అందులో ఉంటాయి. కోడ్ చెరిపేస్తే అవీ పోతాయి. రాసుకోనివారు ముందు ఆ పని చేసుకుని రండి, ఈ రోజు ఆ కాగితంతోనే పని.

పి0300 నుంచి పి0304 దాకా వచ్చే కోడ్లు మిస్‌ఫైర్‌వి. సిలిండర్‌లోకి వెళ్ళిన పెట్రోలు సరిగా మండలేదని అర్థం. చివరి అంకె సిలిండర్ నంబరు. పి0302 అంటే రెండోది. సున్నా ఉంటే ఫలానా సిలిండర్ అని తేలలేదన్నమాట. చాలా కార్లలో టైమింగ్ చైన్ ఉన్న వైపు నుంచి లెక్క మొదలవుతుంది, అయినా మీ బండి పుస్తకం చూసి ఖాయం చేసుకోండి.

ఒక హెచ్చరిక. ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతూ, ఆయిల్ లైటు, వేడి లైటు రాకుండా ఉంటే నెమ్మదిగా ఇంటికి చేరవచ్చు. ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం బండి పక్కకు ఆపేయండి. మండని పెట్రోలు పొగగొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు చేరి అక్కడ మండుతుంది. ఆ వేడికి లోపలి దిమ్మె కరిగిపోతుంది. దాని ఖరీదు ముందు కాయిల్ (ప్లగ్గుకు నిప్పురవ్వ కోసం కరెంటు ఇచ్చే భాగం) ఖరీదు ఏపాటిది!

పి0302 రాగానే కొత్త కాయిల్ కొనేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కోడ్ దొంగ ఉన్న ఇల్లు చూపిస్తుంది, దొంగను పట్టివ్వదు. ఆ ఇంట్లో కాయిల్, ప్లగ్గు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, వైరు, సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి అంటే కంప్రెషన్, అన్నీ అనుమానితులే. వీటిలో మొదటి రెండింటినీ పైసా ఖర్చు లేకుండా మీరే తేల్చవచ్చు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళంచెవి తీసేసి మొదలుపెట్టండి. నడుస్తున్న ఇంజిన్ మీద కాయిల్ ఎప్పుడూ లాగకండి, అందులో వేల వోల్టులు ఉంటాయి. కనెక్టర్ లాకు నొక్కి విప్పండి, వైరు పట్టుకుని గుంజవద్దు. కాయిల్ బోల్టుకు మామూలుగా 10 మిల్లీమీటర్ల స్పానర్ సరిపోతుంది. రెండో కాయిల్‌ను మూడో సిలిండర్‌లోను, మూడోదాన్ని రెండులోను పెట్టండి. కోడ్ చెరిపి, మొదటిసారి లోపం వచ్చిన పరిస్థితుల్లోనే బండి నడపండి. ఇప్పుడు పి0303 వస్తే దొంగ కాయిల్. మళ్ళీ పి0302 వస్తే కాయిల్ నిర్దోషి. అప్పుడు ప్లగ్గులు అలాగే తారుమారు చేసి చూడండి. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది కారణమో తెలియకుండా పోతుంది.

అంతర్వేది వైపు నుంచి వచ్చిన ఒక కారు సంగతి చెబుతాను. కోడ్ పి0302. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో కూలెంట్ వేడి 31 డిగ్రీలు, బండి వేగం సున్నా. అంటే పొద్దున్నే స్టార్ట్ చేసిన వెంటనే వచ్చిన లోపం. వేడెక్కాక బండి బాగానే నడుస్తోంది. రాత్రి తేమ పట్టి ఉంటుందని అప్పుడే అనుమానం వచ్చింది. కాయిల్ మార్చినా కోడ్ కదల్లేదు. ప్లగ్గు మారిస్తే మూడో సిలిండర్‌కు వెళ్ళింది. ఆ ప్లగ్గును ఎండలో తిప్పి చూస్తే తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి వెంట్రుకంత సన్నటి నల్లగీత. కొసకు చేరాల్సిన కరెంటు తేమ పట్టిన ఆ గీత వెంట పక్కదారి పట్టింది. అలాంటి గీత కాయిల్ రబ్బరు తొడుగు లోపల కూడా పడుతుంది కాబట్టి టార్చి వేసి చూశాం. ఈ కారులో తొడుగు బాగానే ఉంది, కొత్త ప్లగ్గులు వేస్తే సరిపోయింది.

మన డెల్టాలో ఈ పనికి ముందు మరో రెండు చోట్ల చూడాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మెత్తటి బ్రష్‌తో తుడవండి, ఆకురాయి పెట్టకండి. ఇక వరికోతలు అయ్యాక చేలల్లోని ఎలుకలు ఇళ్ళ వైపు వస్తాయి, వెచ్చగా ఉండే బానెట్ కింద దూరతాయి. కొరికిన వైరుకు టేపు చుట్టి వదలకండి. సోల్డర్ చేసి పైన ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని బిగిసేది) వేయండి. బండి కడిగించినప్పుడు ప్లగ్గు గుంతల్లో నీళ్ళు నిలుస్తాయి. ప్లగ్గు విప్పేముందే గుంతలోని నీళ్ళు, ఇసుక గాలితో ఊదేయాలి, లేకపోతే సిలిండర్‌లో పడతాయి.

తీసిన ప్లగ్గు కొస లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. పొడిమసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, నూనె జిడ్డు ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి వస్తోంది. తిరిగి పెట్టేటప్పుడు మొదటి మరలు చేతితోనే ఎక్కించండి. హెడ్డు అల్యూమినియంది, అడ్డంగా ఎక్కితే మరలు చెడతాయి. చివరి బిగింపు బండి పుస్తకంలో చెప్పిన కొలతకే, టార్క్ రెంచితో.

రెండూ మార్చినా కోడ్ రెండో సిలిండర్ మీదే ఉంటే ఇక ఇంజెక్టర్, కంప్రెషన్ వంతు. దానికి గేజీ కావాలి కాబట్టి షెడ్డుకు తీసుకెళ్ళండి. కాయిల్, ప్లగ్గు పరీక్షించామని, ఫలితం ఇదని మెకానిక్కుకు కాగితం చూపించండి. ఆయన అక్కడి నుంచే మొదలుపెడతారు, మీకు అనవసరపు కాయిల్ ఖర్చు తప్పుతుంది.

వచ్చే పాఠం పి0171, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన కోడ్. అప్పటికి బండి వేడెక్కాక స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపేది) అంకెలు రెండుసార్లు రాసిపెట్టుకోండి: యాక్సిలరేటర్ తొక్కకుండా బండి నిలబడి ఉన్నప్పుడు ఒకసారి, 2500 చుట్ల దగ్గర యాక్సిలరేటర్ నిలిపి మరోసారి.