గార్డెన్ ట్రాక్టరు బ్లేడును తిప్పే హైడ్రాలిక్ జాకీ: బిగించాక వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

అమెరికాలో ఎకరమో అరెకరమో స్థలంలో ఇల్లున్నవారు వేసవిలో గడ్డి కోసే గార్డెన్ ట్రాక్టరుకే చలికాలంలో ముందు బ్లేడు తగిలించి ఇంటి దారిలోని మంచు తోసుకుంటారు. మంచు కరిగాక అదే బ్లేడుతో కంకర దారిని సరిచేసుకుంటారు. బ్లేడును కుడికో ఎడమకో తిప్పాలంటే సీటు దిగి, గడ్డకట్టిన పిన్ను లాగి, చేతితో నెట్టాలి. ఆ శ్రమ తప్పించడానికే చాలామంది రెండు వైపులా పనిచేసే హైడ్రాలిక్ సిలిండరును అమర్చుకుంటారు. మన ట్రాక్టరు షెడ్లలో దాన్ని జాకీ అంటారు కనుక నేనూ ఆ మాటే వాడుతున్నాను.

లెక్కల కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. బ్లేడు వెడల్పు 54 అంగుళాలు, జాకీ లోపలి వ్యాసం 2 అంగుళాలు, రాడ్డు వ్యాసం 1 అంగుళం, స్ట్రోకు (రాడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు కదిలే దూరం) 8 అంగుళాలు, పంపు పీడనం 900 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అనుకుందాం. మీ ట్రాక్టరు అంకెలు మాన్యువల్‌లో చూసి మార్చుకోండి. ఈ జాకీ రాడ్డును బయటికి నెట్టేటప్పుడు సుమారు 2,800 పౌండ్ల బలం, లోపలికి లాగేటప్పుడు సుమారు 2,100 పౌండ్ల బలం చూపుతుంది. బ్లేడును తిప్పడానికి ఇంత బలం అక్కరలేదు. తిప్పిన చోట దాన్ని కదలకుండా పట్టి ఉంచడమే ఈ జాకీకి అసలైన పని. బిగించిన తరువాత వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి, వాటిలోనూ తప్పు జాకీది అయ్యే సందర్భాలు తక్కువ.

ఏ పరీక్షకైనా ముందు బ్లేడును నేలకు దించి, ఇంజను ఆపి, లీవరును రెండు వైపులా కదిలించి పైపుల్లోని పీడనాన్ని వదిలించాలి. నూనె ఎక్కడ చిమ్ముతోందో చేతితో తడిమి చూడకూడదు. సన్నని రంధ్రం నుంచి పీడనంతో వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అప్పటికి నొప్పి పెద్దగా లేకపోయినా అది వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన గాయం. అట్టముక్కను దూరంగా పట్టుకుని చూస్తే సరిపోతుంది.

సమస్య: లీవరు కదిపినా బ్లేడు కదలదు

ముందు ఇంజను శబ్దం వినండి. లీవరు నొక్కగానే ఇంజనుకు లోడు పడి శబ్దం మారితే, నూనె పీడనానికి వచ్చి ఎక్కడో అడ్డు తగిలి, పీడనం హద్దు దాటితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు గుండా తిరిగి పోతోందని అర్థం. ఆ అడ్డు చాలాసార్లు బ్లేడును చేతితో తిప్పే రోజుల్లో వాడిన లాక్ పిన్నే అవుతుంది. జాకీ బిగించాక దాన్ని పూర్తిగా తీసివేయాలి, లేకపోతే స్ప్రింగు దాన్ని మళ్లీ రంధ్రంలోకి తోస్తుంది. పిన్ను లేకపోతే క్విక్ కప్లర్లు, అంటే పైపులను ట్రాక్టరుకు తగిలించి విడదీసే జాయింట్లు, చూడండి. రెండింటిలో ఒకటి సగమే కూర్చున్నా తిరుగు నూనెకు దారి మూసుకుపోయి జాకీ బిగుసుకుంటుంది. శబ్దంలో మార్పే లేకపోతే లీవరు కదిలినా స్పూలు (వాల్వు లోపల జరుగుతూ నూనె దారులు మార్చే కడ్డీ) కదలడం లేదేమో, నూనె వేరే వాల్వుకు మళ్లుతోందేమో చూడాలి.

సమస్య: ఒక వైపు పూర్తిగా తిరుగుతుంది, రెండో వైపు సగమే తిరుగుతుంది

ఇది బ్రాకెట్టు వెల్డింగులో జరిగిన పొరపాటు. నేను మొదటిసారి బిగించినప్పుడు రాడ్డు పూర్తిగా లోపల ఉండగా బ్లేడును తిన్నగా పెట్టి బ్రాకెట్టు అతికించాను; ఆ బ్లేడు ఒక వైపే తిరిగింది. బ్లేడు తిన్నగా ఉన్నప్పుడు రాడ్డు సరిగ్గా సగం, అంటే 4 అంగుళాలు, బయటికి వచ్చి ఉండాలి. జాకీ మూసి ఉన్నప్పుడు పిన్ను నుంచి పిన్నుకు 18 అంగుళాలుంటే, తిన్నగా నిలిపిన బ్లేడుకు ఆ దూరం 22 అంగుళాలు కావాలి.

రెండో కొలత, బ్లేడు తిరిగే ఇరుసు నుంచి రాడ్డు పిన్ను వరకు ఉండే దూరం; దీన్ని చేయి అందాం. బ్లేడు తిన్నగా ఉన్నప్పుడు ఈ చేయికి జాకీ లంబంగా ఉంటే, ఇటు 30 డిగ్రీలు, అటు 30 డిగ్రీలు తిరగడానికి పట్టే స్ట్రోకు సుమారుగా ఆ చేయి పొడవుకే సమానం. కనుక 8 అంగుళాల స్ట్రోకుకు 7.5 అంగుళాల చేయి పెట్టుకుంటే రెండు చివరలా పావు అంగుళం మిగులుతుంది. ఆ మిగులు వృథా కాదు. ఫ్రేముకు రెండు ఇనుప స్టాపులు అతికించి, పిస్టను జాకీ చివరను తాకేలోపే బ్లేడు వాటిని తాకేలా చేస్తే, పూర్తి కోణంలో ఆ దిశగా తగిలే దెబ్బను ఫ్రేము భరిస్తుంది. చేయి పొడవు తగ్గిస్తే కోణం పెరుగుతుంది గానీ పట్టు తగ్గుతుంది. 30 డిగ్రీలకు మించి ఆశపడకపోవడం మంచిదని నా అభిప్రాయం.

బ్రాకెట్టును ముందు చిన్న టాకులతో నిలిపి, బ్లేడును రెండు వైపులా చేతితో తిప్పి చూసిన తరువాతే పూర్తిగా వెల్డింగు చేయాలి. ఆ సమయంలో రాడ్డు మీద తడి గుడ్డ కప్పాలి, ఎందుకంటే క్రోము పూత మీద పడిన ఒక్క నిప్పురవ్వ మచ్చ కూడా తరువాత సీలును కోస్తుంది. ఎర్త్ క్లాంపును వెల్డింగుకు దగ్గరలోనే బిగించి, కరెంటు జాకీ గుండా పోకుండా చూడాలి. బ్యాటరీ తీగలు విప్పి ఉంచాలి.

బ్లేడు ఒక వైపు వేగంగా, మరో వైపు నెమ్మదిగా తిరగడం మాత్రం లోపం కాదు. రాడ్డు ఉన్న వైపు నూనెకు చోటు నాలుగో వంతు తక్కువ కాబట్టి లోపలికి వచ్చే కదలిక సహజంగానే వేగంగా ఉంటుంది.

సమస్య: తిప్పిన కోణంలో బ్లేడు నిలవదు

దీనికి అందరూ ముందు సీలు కిట్టు కొంటారు. కొనకముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. బ్లేడును నేలకు తగలకుండా కొంచెం లేపి, కింద దృఢమైన దిమ్మలు పెట్టి, ఇంజను ఆపి, కప్లర్లను ట్రాక్టరు నుంచి విడదీయండి. ఇప్పుడు నూనె జాకీలోనూ దాని పైపుల్లోనూ బందీ అయి ఉంటుంది. బ్లేడు కొసను పట్టుకుని గట్టిగా నెట్టి, రాడ్డును గమనించండి.

రాడ్డు కదలకుండా బ్లేడు మాత్రమే ఆడుతుంటే పిన్నులూ బుష్షులూ అరిగాయి. రాడ్డు కొంచెం కదిలి స్ప్రింగులా వెనక్కి వస్తే లోపల గాలి ఉంది. ఇదివరకు జారిన బ్లేడు ఇప్పుడు గట్టిగా నిలిస్తే జాకీ బాగానే ఉంది, లోపం వాల్వులో ఉంది. రాడ్డు బయటికి జారుతూ, తిరిగి రాకుండా ఉండిపోతే పిస్టను సీలును అనుమానించాలి. రాడ్డు లోపలికి పోవడానికి మాత్రం సీలు ఒక్కటే కారణం కాలేదు: లోపలికి వచ్చే రాడ్డుకు చోటు కావాలి, నూనె నొక్కుకుపోదు, కనుక నూనె బయటికి పోయే దారి ఏదో ఉంటేనే అది జరుగుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే అనవసరంగా జాకీ విప్పే పని తప్పుతుంది.

లోపం వాల్వులో ఉందని తేలితే అది ఏ రకం స్పూలో తెలుసుకోండి. హైడ్రాలిక్ మోటారు కోసం చేసిన కొన్ని స్పూళ్లు మధ్య స్థానంలో రెండు దారులనూ ట్యాంకుకు తెరిచి ఉంచుతాయి. అలాంటిది ఎంత కొత్తదైనా బ్లేడును పట్టి ఉంచలేదు. బ్లేడును ఎత్తే లీవరుకు ఉండే ఫ్లోట్ స్థానం కూడా ఇంతే. కోణం కోసం మధ్యలో రెండు దారులూ మూసుకునే సిలిండరు స్పూలునే వాడాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా, వేరుకో కాలిబాట అంచుకో కొస తగిలినప్పుడు రాడ్డు వంగడం, పైపు పగలడం జరుగుతుంటే కారణం వేరు. బ్లేడు కొస ఇరుసు నుంచి 27 అంగుళాల దూరంలో ఉంది, చేయి 7.5 అంగుళాలే; కొస మీద పడిన 1,000 పౌండ్ల దెబ్బ జాకీ దగ్గర 3,600 పౌండ్లవుతుంది. అది రాడ్డును లాగే దిశలో తగిలితే లోపలి పీడనం 1,500 పీఎస్ఐ దాటుతుంది. స్పూలు మూసి ఉన్నందున ట్రాక్టరు రిలీఫ్ వాల్వుకు ఈ పీడనం చేరదు. అందుకే జాకీ రెండు పైపుల మధ్య క్రాస్‌ఓవర్ రిలీఫ్ వాల్వు పెట్టాలి; రాడ్డును బయటికి లాగే దెబ్బ తగిలినప్పుడు నూనె ఒక వైపు నుంచి మరో వైపుకు దాటి బ్లేడు లొంగుతుంది. రాడ్డును లోపలికి నెట్టే దెబ్బకు మాత్రం ఈ వాల్వు ఒక్కటే చాలదు; పైన చెప్పినట్టు లోపలికి వచ్చే రాడ్డుకు చోటు కావాలి కనుక, ఆ మేరకు నూనె ట్యాంకుకు పోయే రిలీఫ్ దారి కూడా ఉండాలి. క్రాస్‌ఓవర్ వాల్వును పంపు పీడనం కన్నా ఎక్కువగా, పైపుల మీద ముద్రించిన పని పీడనం కన్నా తక్కువగా సెట్ చేయాలి. మరీ తక్కువగా పెడితే గట్టి మంచు దగ్గరే బ్లేడు తిరిగిపోతుంది. డబ్బు ఆదా చేయాలంటే ఇంకెక్కడైనా చేయండి, ఈ వాల్వు దగ్గర వద్దు.

సమస్య: బ్లేడు కుదుపులతో కదులుతుంది, నూనె నురగ కడుతుంది

కొత్త జాకీలోనూ పైపుల్లోనూ గాలే ఉంటుంది. మన ఉదాహరణలోని జాకీ నిండడానికి సుమారు 410 మిల్లీలీటర్లు, పావు అంగుళం లోపలి వ్యాసమున్న 10 అడుగుల పైపుకు మరో 100 మిల్లీలీటర్లు పడుతుంది. ఈ అర లీటరు ట్రాక్టరులోని నూనె నుంచే పోతుంది. చాలా గార్డెన్ ట్రాక్టర్లలో చక్రాలను నూనె పీడనంతో నడిపే హైడ్రోస్టాటిక్ గేరుబాక్సుకూ ఈ జాకీకీ నూనె ఒకటే కనుక, మట్టం తగ్గితే దెబ్బతినేది గేరుబాక్సు. ఇంజనును తక్కువ వేగంలో ఉంచి జాకీని ఇటు చివర నుంచి అటు చివరకు ఎనిమిది పది సార్లు నడిపి, ఆపి, మాన్యువల్ చెప్పిన నూనెనే నింపాలి. ఆ తరువాత కూడా నురగ పోకపోతే పంపు నూనె పీల్చే వైపు ఎక్కడో గాలి చొరబడుతోంది.

సమస్య: కీళ్ల దగ్గర నూనె కారుతుంది

37 డిగ్రీల కోన్ ఉండే జేఐసీ రకం ఫిట్టింగుకు 45 డిగ్రీల కోన్‌కు చేసిన నట్టు కొన్ని సైజుల్లో మరలకు సరిపోతుంది గానీ, ఎంత బిగించినా నూనెను ఆపదు. టెఫ్లాన్ టేపు కోన్ మీద, ఓ-రింగు మీద చుట్టకూడదు. అది పనిచేసేది ఏటవాలు పైపు మరల మీదే. చివర మొదటి మరను వదిలి చుట్టాలి, తెగిన టేపు ముక్క స్పూలును అడ్డుకుంటుంది.

సమస్య: రెండో వాల్వు చేర్చాక మొదటి వాల్వు కారుతుంది

మొదటి వాల్వు ట్యాంకు దారి నుంచి రెండో వాల్వుకు నూనె తీసుకుంటే, పీడనం భరించని ఆ దారిలో పీడనం చేరి సీళ్లు తన్నుకుని వస్తాయి. మొదటి వాల్వుకు, పీడనంతో ఉన్న నూనెను తరువాతి వాల్వుకు దాటించే పవర్ బియాండ్ స్లీవు వేసి, దాని నుంచి రెండోదానికి నూనె ఇవ్వాలి. రెండు వాల్వుల ట్యాంకు పైపులూ విడివిడిగా ట్యాంకుకు వెళ్లాలి.

లీవరు కుడికి నెడితే బ్లేడు ఎడమకు తిరుగుతుంటే జాకీ దగ్గర పైపులు రెండూ మార్చి బిగిస్తే చాలు. విడదీసి ఎండలో ఉంచిన బ్లేడుకు కప్లర్లు మళ్లీ ఎక్కకపోతే, లోపలి నూనె వేడికి వ్యాకోచించి పీడనం పెంచిందని గ్రహించి, నీడలో చల్లారనివ్వాలి. పిన్నుతో కప్లరు బంతిని నొక్కి నూనెను చిమ్మించకూడదు.