హీటరు రాడ్డు పాడైందా, లైను పాడైందా: వోల్టేజి, కరెంటుల నుంచి నిరోధాన్నీ పవరునూ లెక్కగట్టడం

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల పల్లెల్లో లైను చివర కాపురముండేవారికి సాయంత్రాలు వోల్టేజి పడిపోవడం కొత్త సంగతి కాదు. బకెట్టులో వేసిన హీటరు రాడ్డు నీళ్లు కాచడానికి మునుపటికన్నా ఎక్కువసేపు తీసుకుంటే, రాడ్డే పాడైందనుకుని కొత్తది కొనేవారు చాలామంది ఉంటారు. లోపం రాడ్డులో ఉందో, లైనులో ఉందో రెండు కొలతలతో తేల్చవచ్చు కాబట్టి, కొనబోయే ముందు ఈ లెక్క చేసి చూడడం మంచిది.

జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ప్రకారం, వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, అంటే కరెంటు ప్రవాహాన్ని అడ్డుకునే గుణం, ఓంలలో వస్తుంది. అదే వోల్టేజిని కరెంటుతో గుణిస్తే పవరు వాట్లలో వస్తుంది. కరెంటును ఆంపియర్లలోనే తీసుకోవాలి. మీటరు మిల్లీ ఆంపియర్లు చూపిస్తే ముందుగా 1000తో భాగించాలి.

లెక్క సులువే కానీ, కొలతలోనే అసలు జాగ్రత్త ఉంది. వోల్టేజినీ కరెంటునూ రాడ్డు పనిచేస్తున్నప్పుడే, ఒకే సమయంలో కొలవాలి. పొద్దున చూసిన వోల్టేజినీ సాయంత్రం చూసిన కరెంటునూ కలిపి లెక్కిస్తే వచ్చే జవాబుకు అర్థం ఉండదు. కరెంటు కొలవడానికి, తీగను తెంపకుండా దాని చుట్టూ దవడ పట్టించి చూసే క్లాంప్ మీటరు అన్నిటికన్నా క్షేమం. అయితే దాని దవడలో ఫేజ్ తీగ ఒక్కటే ఉండాలి. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిసి ఉన్న కేబులును దవడలో పెడితే, వెళ్లే కరెంటూ తిరిగివచ్చే కరెంటూ ఒకదాన్నొకటి రద్దుచేసుకుని మీటరు సున్నా చూపిస్తుంది. అందుకని ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డును ప్లగ్గు నుంచి తీసేసి, దాని కేబులు పైతొడుగును జానెడు మేర జాగ్రత్తగా చీల్చి, లోపలి తీగల ఇన్సులేషన్‌కు గాటు పడకుండా వాటిని విడదీసి ఉంచుకోవాలి. రాడ్డును ఆ బోర్డుకే తగిలించి, పక్కనున్న రెండో సాకెట్టులో మల్టీమీటరుతో వోల్టేజి చూడాలి. మల్టీమీటరు ఎర్ర తీగ 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా సాకెట్టులో పెడితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది కనుక, ప్రతిసారీ ఆ తీగ ఎక్కడుందో చూసుకోవాలి. స్విచ్చి వేసి ఉన్నంతసేపూ బకెట్టు నీళ్లను ముట్టుకోకూడదు.

1000 వాట్లు, 230 వోల్టులు అని రాసి ఉన్న రాడ్డుకు సాయంత్రం 196 వోల్టులు, 3.7 ఆంపియర్లు వచ్చాయనుకుందాం. 196ను 3.7తో భాగిస్తే నిరోధం దాదాపు 53 ఓంలు. రాడ్డు మీది అంకెల నుంచి చూస్తే, 230ను 230తో గుణించి 1000తో భాగించగా 52.9 ఓంలు వస్తుంది. రెండూ సరిపోయాయి గనుక రాడ్డులో ఏ లోపమూ లేదు. తయారీలో ఉండే తేడా వల్ల 50కీ 58కీ మధ్య ఎంత వచ్చినా సరైనదిగానే భావించవచ్చు; 70, 80 ఓంలు వస్తే మాత్రం రాడ్డునూ ప్లగ్గునూ అనుమానించాలి.

ఇక పవరు 196ను 3.7తో గుణిస్తే 725 వాట్లు. వోల్టేజి తగ్గింది 15 శాతమే అయినా పవరు 27 శాతానికి పైగా పడిపోయింది. నిరోధం మారనప్పుడు వోల్టేజితో పాటు కరెంటు కూడా తగ్గుతుంది కాబట్టి, పవరు వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది. పది లీటర్ల నీటిని 40 డిగ్రీలు వేడెక్కించడానికి 1000 వాట్ల దగ్గర 28 నిమిషాలు పడితే, 725 వాట్ల దగ్గర 38 నిమిషాలకు పైగా పడుతుంది.

ఈ జవాబును ఇంటి వాడకాన్ని యూనిట్లలో లెక్కించే కరెంటు మీటరుతోనే సరిచూసుకోవచ్చు. ఇంట్లో మిగిలినవన్నీ ఆపి, మీటరు మీద యూనిట్‌కు 3200 పల్సులు అని రాసి ఉంటే, ఎర్ర దీపం ఇరవైసార్లు వెలగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 22,500ను ఆ సెకన్లతో భాగించాలి. 31 సెకన్లు పడితే దాదాపు 726 వాట్లు. క్లాంప్ మీటరు లేనివారు ఈ వాట్లను వోల్టేజితో భాగించి కరెంటును రాబట్టవచ్చు.

ఈ పద్ధతి హీటరు, ఇస్త్రీపెట్టె వంటివాటికి అచ్చంగా సరిపోతుంది. మోటారుకు మాత్రం గుణకారంతో వచ్చేది వోల్ట్ ఆంపియర్లే. వాట్లు కావాలంటే దాన్ని పవర్ ఫ్యాక్టరుతో, అంటే అందులో నిజంగా పవరుగా మారే వంతుతో, కూడా గుణించాలి. పైగా వోల్టేజి తగ్గినప్పుడు బరువు మీద తిరిగే పంపు మోటారు సాధారణంగా ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది.

రాడ్డు బాగానే ఉందని తేలాక, వోల్టేజి ఎక్కడ పోతోందో చూడాలి. రాడ్డు ఆపిన వెంటనే సాకెట్టులో 214 వోల్టులు వస్తే, 18 వోల్టుల తేడాను 3.7తో భాగించగా దాదాపు 4.9 ఓంలు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సాకెట్టు దాకా దారిలో ఉన్న నిరోధం అది. ఇరుగుపొరుగు ఇళ్ల వాడకం వల్ల కూడా వోల్టేజి మారుతుంటుంది కాబట్టి ఈ కొలతను రెండు మూడుసార్లు తీసుకోవాలి. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీసు వైరు నిరోధం కిలోమీటరుకు సుమారు 7.4 ఓంలు, స్తంభం నుంచి ఇంటికి 60 మీటర్లుంటే రాకపోకలకు కలిపి 120 మీటర్లు, అంటే 0.9 ఓం. మిగిలిన 4 ఓంలు వీధి లైనులోనే పోతుంటే పక్కింట్లో కూడా, మీ రాడ్డు వేసినప్పుడల్లా, వోల్టేజి అదేమాదిరి పడిపోవాలి. అక్కడ మార్పు లేకపోతే లోపం మీ సర్వీసు వైరులోనో, మీ ఇంటి వైరింగులోనో ఉన్నట్టే. తరచుగా అది వదులైన జాయింటు, లేదా అల్యూమినియం తీగను రాగి తీగతో నేరుగా మెలిపెట్టిన చోటు అయి ఉంటుంది. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే, ఆ 4 ఓంలూ ఒకే జాయింటులో ఉన్న పక్షంలో అక్కడ సుమారు 55 వాట్ల వేడి పుడుతుంది. తీగ తొడుగు కాలి నల్లబడడానికి ఆ వేడి చాలు. కనుక ఆ జాయింటును మీరు ముట్టుకోకుండా ఈ అంకెలను కాగితం మీద రాసి వైర్‌మన్‌కు చూపించండి. స్తంభం దగ్గర అయితే లైన్‌మన్‌నే పిలవాలి. జాయింటు మార్చాక అదే రాడ్డుతో మళ్లీ కొలిస్తే, 18 వోల్టుల తేడా నాలుగైదు వోల్టులకు దిగి ఉండాలి.