వేర్వేరు సంస్కృతుల కళాకారులు కలిసి పని చేసే ముందు

పర్ఫార్మెన్స్‌లోనో (ప్రేక్షకుల ముందు కళాకారుడే చేసి చూపే కళ) ఇన్‌స్టలేషన్‌లోనో (ఒక స్థలం మొత్తాన్ని వస్తువులతో అమర్చే కళ) కలిసి పని చేయాలని వేర్వేరు దేశాల కళాకారులు ఇద్దరు నిశ్చయించుకున్నప్పుడు మొదటి వారంలోనే ఇతివృత్తం కుదురుతుంది, పనికి ఒక పేరు కూడా దొరుకుతుంది. ఆ పని ఎప్పుడు పూర్తయినట్టు లెక్క, ఎవరి పేరు ఎక్కడ ఉండాలి, ప్రదర్శన వికటిస్తే ఎవరు చిక్కుల్లో పడతారు అన్న ప్రశ్నలు మాత్రం ప్రదర్శన ప్రారంభానికి పది రోజుల ముందు దాకా ఎవరి నోటా రావు. అప్పటికి ఇద్దరూ అలసిపోయి ఉంటారు కాబట్టి, పద్ధతుల మధ్య ఉన్న తేడా కాస్తా మనుషుల మధ్య తగాదాగా మారుతుంది. అందువల్ల అడగడానికి మొహమాటపడే ప్రశ్నలను ముందు తేల్చుకుని, ఆ తరువాతే ఆలోచన దగ్గరికి రావాలని ఈ వ్యాసం సూచిస్తుంది.

మాటల అర్థం తేల్చుకోవడం

ఫ్రెంచ్ నృత్య దర్శకుడు జెరోమ్ బెల్, థాయ్‌లాండ్ సంప్రదాయ ముసుగు నృత్యనాటకమైన ఖోన్‌లో శిక్షణ పొందిన పిచెట్ క్లున్‌చున్ కలిసి 2004లో ఒక ప్రదర్శన రూపొందించారు. అందులో ఇద్దరూ ఎదురెదురు కుర్చీల్లో కూర్చుంటారు. మొదట బెల్ ప్రశ్నలు అడుగుతాడు, తరువాత క్లున్‌చున్ అడుగుతాడు. మాటల్లో చెప్పలేని చోట లేచి చేసి చూపిస్తారు. కలిసి పని చేయబోయే కళాకారులెవరైనా, ప్రేక్షకుల కోసం కాకపోయినా, తమ కోసం తలుపులు వేసుకుని ఈ పని రెండు మూడు రోజుల పాటు చేయడం మంచిది.

ఆ రోజుల్లో అడగవలసింది ఎదుటివారి సంస్కృతి గురించి కాదు, వారి పని గురించి. సంస్కృతి గురించి అడిగితే పర్యాటకులకు చెప్పే జవాబే వస్తుంది. రిహార్సల్ అంటే మీరు ఏం చేస్తారు, తప్పు జరిగిందని మీకు ఎలా తెలుస్తుంది, ఎవరి మెప్పు లేకపోతే ఆ పనిని బయటికి తేలేరు అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. రిహార్సల్ అన్న మాట ఒకరికి చిన్నతనంలో గురువు దగ్గర నేర్చిన కదలికను వందోసారి సరిదిద్దుకోవడం కావచ్చు, మరొకరికి ఏం జరుగుతుందో తెలియకుండా ఖాళీ గదిలో మూడు గంటలు గడపడం కావచ్చు. ప్రేక్షకులు పాల్గొంటారని ఒకరు అన్నప్పుడు ఆ మాటకు వారు చుట్టూ నడుస్తారని అర్థమా, వస్తువులను ముట్టుకుంటారని అర్థమా, కళాకారుడి శరీరాన్ని తాకవచ్చని అర్థమా అన్నది విడమరిచి రాసుకోకపోతే ప్రదర్శన రోజున ఒకరు తప్పక నొచ్చుకుంటారు. ఇలాంటి మాటలు పదిహేనో ఇరవయ్యో ఏరి, రెండు నిలువు వరుసల్లో ఎవరి భాషలో వారు అర్థం రాసుకుని, దాన్ని పని సాగినంత కాలం దిద్దుకుంటూ ఉండాలి. నిఘంటువు అర్థాలు ఇక్కడ పనికిరావు.

మరొక అభ్యాసం ఉంది, నా దృష్టిలో ఇంతకంటే ఉపయోగకరమైనది లేదు. ఇద్దరూ తమ గత కృషిలో విఫలమైన ఒక పనిని ఎదుటివారికి చూపించి, అది ఎందుకు విఫలమైందని తాము అనుకుంటున్నారో చెప్పాలి. పేరు తెచ్చిన పనులు చూపించుకుంటే పరస్పరం గౌరవం పెరుగుతుంది గానీ, ఎదుటివారు దేనికి భయపడతారో తెలియదు.

ఈ దశలోనే తేల్చుకోవలసిన మరో విషయం హక్కు. ఒక పాట, ఒక ముగ్గు, ఒక ముఖచిత్రణ కళాకారుడికి వచ్చినంత మాత్రాన దాన్ని ఎక్కడైనా చూపించే అధికారం అతనికి ఉందని కాదు. ఆస్ట్రేలియా ఆదివాసీ సమాజాల్లో కొన్ని చిత్రరీతులు నిర్దిష్ట వంశాల సంరక్షణలో ఉంటాయి. వారి అనుమతి లేకుండా గీయడం, దీక్ష లేనివారికి చూపించడం నిషిద్ధం కావచ్చు. కాబట్టి ఇది మీరు చేయగలరా అన్న ప్రశ్నతో ఆగకుండా, దీనికి ఎవరిని అడగాలి అని కూడా అడగాలి. అడిగిన చోట వద్దన్న జవాబు వస్తే, ఆ ఖాళీని పనిలో ఖాళీగానే ఉంచడం దొంగచాటు అనుకరణ కంటే ఎంతో మేలు.

పక్కపక్కన పెడితే సరిపోదు

1989లో పారిస్‌లో జరిగిన 'మాజిసియాఁ ద ల తెర్' (భూమి మాంత్రికులు) ప్రదర్శన, పాశ్చాత్య కళాకారులను, ఇతర ఖండాల కళాకారులను సమాన స్థాయిలో నిలబెడతామన్న ఉద్దేశంతో ఏర్పాటైనది. అందులో ఆస్ట్రేలియాలోని యుఎండుము సమాజానికి చెందిన కళాకారులు నేల మీద ఒక చిత్రాన్ని రూపొందించారు. దాని వెనుక గోడ మీద ఆంగ్ల కళాకారుడు రిచర్డ్ లాంగ్ మట్టితో గీసిన పెద్ద వలయం ఉంది. రెండింటిలోనూ మట్టి ఉంది, ఆకృతులూ కలిశాయి, ఫొటో అందంగా వచ్చింది. అయితే గోడ మీది వలయం పైనుంచి నేల చిత్రాన్ని ఏలుతున్నట్టు కనిపించిందన్న విమర్శ నేటికీ వినిపిస్తుంది. ఇన్‌స్టలేషన్‌లో ఎత్తు, వెలుతురు, ప్రవేశద్వారం నుంచి దూరం, చూసేవారు మొదట ఎటు తిరుగుతారు అన్నవన్నీ అర్థాన్ని నిర్ణయిస్తాయి కనుక, గది నమూనాను అట్టతో చిన్నగా తయారుచేసి, ఇద్దరూ వంతులవారీగా రెండు పనుల స్థానాలనూ మార్చి చూడాలి. ఒకరి పని నేపథ్యంగా, మరొకరిది ముఖ్యంగా అనిపించే అమరిక కావాలనే ఎంచుకున్నదైతే ఫరవాలేదు. అలవాటు చొప్పున వచ్చిందైతే మార్చాలి.

తేడాను చెరిపేయకుండా పనిలోకి తీసుకున్న ఉదాహరణ కూడా ఒకటి ఉంది. బల్గేరియాలో పుట్టిన క్రిస్టో, కాసాబ్లాంకాలో పుట్టిన జాన్-క్లోద్ 1991లో జపాన్‌లోని ఇబరాకిలో 1,340 నీలం గొడుగులు, అమెరికాలోని కాలిఫోర్నియాలో 1,760 పసుపు గొడుగులు ఒకేసారి తెరిచారు. గొడుగు ఒకటే, ఎత్తు సుమారు 6 మీటర్లు. అమరిక మాత్రం వేరు. నేల విలువైన జపాన్ లోయలో గొడుగులు దగ్గర దగ్గరగా, విశాలమైన కాలిఫోర్నియా కొండల్లో ఎడంగా నిలిచాయి. ఏది మారకూడదు, ఏది స్థలాన్ని బట్టి మారాలి అన్న రెండు జాబితాలు ముందే ఉంటే ఇలాంటి స్పష్టత వస్తుంది.

అదే పనిలో మరో పాఠం కూడా ఉంది. బలమైన గాలికి పెళ్లగిలిన ఒక గొడుగు తగిలి కాలిఫోర్నియాలో ఒక సందర్శకురాలు మరణించింది, తరువాత వాటిని తొలగించే సమయంలో జపాన్‌లో ఒక కార్మికుడు విద్యుదాఘాతంతో చనిపోయాడు. ఎంత గాలి వీస్తే ఆపాలి, ఆపే అధికారం ఎవరిది, ఒక చోట ప్రమాదం జరిగితే రెండో చోట కూడా ఆపుతామా అన్నవి కాగితం మీద ఉండాలి. ఆ అధికారం స్థలంలో నిలబడి ఉన్న మనిషికి ఉండాలి తప్ప, మరో ఖండంలో నిద్రపోతున్న మనిషికి కాదు.

అపాయం, పేరు, డబ్బు

సమానత్వం గురించి చెప్పుకునే మాటలు ఎక్కువగా తేలిపోయేది ఇక్కడే. కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్, అమెరికన్ చెలో కళాకారిణి షార్లెట్ మూర్మన్ 1967లో న్యూయార్క్‌లో చేసిన ఒక ప్రదర్శనలో ఆమె ఛాతీ మీద ఆచ్ఛాదన లేకుండా వాయించవలసి ఉంది. పోలీసులు మధ్యలోనే ఆపారు. రచన పైక్‌ది, కానీ దోషిగా తేలింది మూర్మన్. శిక్ష అమలు కాలేదు గానీ, ఆ ముద్ర ఆమె మీద పడింది. పని ఇద్దరిదైనా చట్టం, సమాజం, కుటుంబం ఇద్దరినీ ఒకేలా చూడవు. ఒకరు ప్రదర్శన ముగించి విమానం ఎక్కి వెళ్లిపోతారు, మరొకరు మరుసటి ఉదయం అదే వీధిలో నడవాలి. కాబట్టి నగ్నత్వం, మతం, రాజకీయం, రక్తం, జంతువులు వంటి అంశాలున్న ప్రతి భాగానికీ, ఆ ఊళ్లో ఉండిపోయే వ్యక్తికి ఏ కారణమూ చెప్పకుండా వద్దనే హక్కు ఉండాలని నా అభిప్రాయం. దీన్ని కళా స్వేచ్ఛకు అడ్డుగా భావించేవారు ఉన్నారు; అయితే అలా భావించేవారిలో ఎక్కువమంది విమానం ఎక్కబోయే వారే.

పేర్ల విషయానికి వస్తే, క్రిస్టో, జాన్-క్లోద్ దంపతులు తమ బహిరంగ కృతులన్నీ, పాతవాటితో సహా, ఇద్దరి పేరు మీదే ఉంటాయని ప్రకటించింది 1994లో. అప్పటికి వారు మూడు దశాబ్దాలకు పైగా కలిసి పని చేస్తున్నారు. బెల్‌గ్రేడ్‌లో పుట్టిన మరీనా అబ్రమోవిచ్, జర్మనీకి చెందిన ఉలాయ్ 1976 నుంచి 1988 వరకు కలిసి పని చేసి, చైనా మహాకుడ్యం రెండు చివర్ల నుంచి తొంభై రోజులు నడిచి కలుసుకున్న చోటే విడిపోయారు. ఉమ్మడి కృతుల గురించి వారు 1999లో రాసుకున్న ఒప్పందం మీద వివాదం కోర్టుకు వెళ్లి, 2016లో నెదర్లాండ్స్ న్యాయస్థానం అబ్రమోవిచ్ ఉలాయ్‌కి రెండున్నర లక్షల యూరోలకు పైగా చెల్లించాలని తీర్పు చెప్పింది. కలిసి ఉన్నప్పుడు ఎవరికీ అక్కర్లేని ఒప్పందమే విడిపోయాక అందరికీ కావలసి వస్తుంది.

ఒప్పందంలో పేర్ల క్రమం, ఫొటోలు, వీడియోలు అమ్మితే వాటాలు, ఒకరు లేకుండా మరొకరు లేదా వేరే ప్రదర్శకులు ఆ పనిని మళ్లీ చేయవచ్చా, మధ్యలో ఒకరు తప్పుకుంటే మిగిలినది ఎవరిది, వివాదం వస్తే ఏ దేశ చట్టం వర్తిస్తుంది అన్నవి తప్పక ఉండాలి. ఉమ్మడి కృతికి కాపీరైట్ గడువును చివరగా మరణించిన కర్త నుంచి లెక్కించాలని కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒడంబడిక చెబుతుంది. అంటే ఇద్దరిలో ఒకరు పోయాక కూడా రెండోవారు వారి వారసులతో వ్యవహరించవలసి ఉంటుంది. కర్తగా గుర్తింపు పొందే హక్కు, కృతిని వికృతం చేయకుండా అడ్డుకునే హక్కు ఆర్థిక హక్కులకు వేరుగా ఉంటాయని కూడా అదే ఒడంబడికలో ఉంది. ఒప్పందం రెండు భాషల్లో ఉంటే, తేడా వచ్చినప్పుడు ఏ భాష ప్రతి చెల్లుతుందో ఒక వాక్యంలో రాయాలి.

డబ్బు దగ్గర పారితోషికం సమానంగా ఉంటే చాలదు. వీసా రుసుము, రాయబార కార్యాలయం ఉన్న నగరానికి ప్రయాణం, బ్యాంకు కోతలు, మారకపు రేటులో నష్టం, మూలంలో కోసుకునే పన్ను ఒకరి మీదే పడితే సమాన పారితోషికం అసమానమవుతుంది. ఈ ఖర్చులను పారితోషికంలో కలపకుండా ఉమ్మడి బడ్జెట్‌లో చూపాలి, ఏ రోజు మారకపు రేటు లెక్కలోకి వస్తుందో ముందే రాసుకోవాలి.

సామాను, సరిహద్దులు

ఈ భాగం విసుగు పుట్టించేదే గానీ, ప్రదర్శనలు ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడే. చెక్క పెట్టెలను, చెక్కతో పాటు పురుగులు దేశాలు దాటకుండా చూసే అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌పీఎం 15 ప్రకారం శుద్ధి చేసి ముద్ర వేయించాలి. వేడితో చేసే పద్ధతిలో చెక్క లోపలి భాగం కనీసం 56 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు ఉండాలి. తాత్కాలికంగా తీసుకెళ్లి వెనక్కి తెచ్చే పరికరాలకు, ఆ వ్యవస్థలో చేరిన దేశాల మధ్య, ఏటీఏ కార్నెట్ అన్న పత్రం సుంకం లేకుండా ఒక సంవత్సరం వరకు పనికొస్తుంది. మట్టి, విత్తనాలు, ఈకలు, ఎముకలు, ఎండిన మొక్కలు చాలా దేశాల్లో సరిహద్దు దాటవు. అవి అవసరమైన పనికి వస్తువులను పంపడం కంటే తయారీ సూచనలను పంపి, అక్కడి మట్టితోనే చేయించడం తేలిక, పైగా అప్పుడు పని కూడా మారుతుంది. మోటార్లు, ప్రొజెక్టర్లు, దీపాల వెలుగును తగ్గించి పెంచే డిమ్మర్లు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ ఉన్న చోట నుంచి 120 వోల్టులు, 60 హెర్ట్జ్ ఉన్న చోటికి వెళితే, వోల్టేజీని ట్రాన్స్‌ఫార్మర్ సర్దుతుంది గానీ ఫ్రీక్వెన్సీని సర్దదు. కొన్ని రకాల మోటార్ల వేగం మారిపోతుంది.

చూసేవారు ఏం చదువుతారు

1992లో కొలంబస్ యాత్రకు అయిదు వందల ఏళ్లు నిండిన సందర్భంలో, మెక్సికోలో పుట్టిన గియెర్మో గోమెజ్-పెన్యా, అమెరికన్ కళాకారిణి కోకో ఫుస్కో, ఎవరికీ తెలియని ఒక దీవి నుంచి వచ్చిన ఆదివాసులుగా బోనులో కూర్చున్నారు. వలస పాలన కాలంలో మనుషులను ప్రదర్శనకు పెట్టిన ఆచారం మీద వ్యంగ్యం అది. చూసేవారిలో చాలామంది నిజమేనని నమ్మారు. ఆ నమ్మకమే తరువాత పనిలో ముఖ్యభాగమైంది. మరోవైపు 2022లో జర్మనీలోని కాసెల్‌లో జరిగిన డాక్యుమెంటా అనే పెద్ద కళా ప్రదర్శనలో ఇండొనేసియాకు చెందిన తారింగ్ పాడి బృందం ఇరవై ఏళ్ల కిందట చేసిన పెద్ద బ్యానర్‌లోని కొన్ని బొమ్మలు యూదు వ్యతిరేకమైనవని తీవ్ర అభ్యంతరం వచ్చి, మొదట దానికి నల్లగుడ్డ కప్పారు, తరువాత తొలగించారు; బృందం క్షమాపణ చెప్పింది. మొదటిదానిలో కళాకారులు అపార్థానికి సిద్ధపడి వెళ్లారు, రెండోదానిలో అది వారి మీద వచ్చి పడింది.

అందువల్ల ప్రారంభానికి కనీసం రెండు నెలల ముందు, ఆ స్థలానికి చెందిన ముగ్గురు నలుగురికి, అందులో కళారంగం వారు కానివారు ఇద్దరైనా ఉండేలా, అన్ని చిత్రాలూ కదలికలూ వివరణ లేకుండా చూపించి, వారికి ఏం తోచిందో వారి భాషలోనే రాయించుకోవాలి. అనువాదకులను ఈ దశలో కాక మొదటి రోజు నుంచే పనిలో చేర్చుకుని, వారికి పారితోషికం, పేర్ల జాబితాలో చోటు ఇవ్వాలి. ఒకరి మాటనే ఎప్పుడూ అనువదించవలసి వస్తుంటే వారానికి ఒక రోజు ఆ వరుసను మార్చి, రెండోవారి భాషలోనే సమావేశం నడపాలి. ఆ రోజున అలవాటుగా ఎక్కువ మాట్లాడేవారు అనువాదం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు, పని కొంత నెమ్మదిస్తుంది, అంతవరకూ వినపడని సూచనలు కొన్ని బయటికి వస్తాయి.